వెనక సీట్లో విన్న పాట

ఫోనెత్తగానే ఈశ్వరమ్మ బాగున్నావా అని కూడా అడగలేదు. "కృపా, మీ నాయిన పాట నీకొస్తదానె?" అంది.

కృపారాణి అప్పుడే ఆస్పత్రి ల్యాబులో అడుగుపెట్టి, కొంకర్లు పోతున్న వేళ్ళను రుద్దుకుంటోంది. డిసెంబరు వచ్చిందంటే వికారాబాద్‌లో ఇదే గోల. అనంతగిరి గుట్ట మీంచి దిగిన చలి ఊళ్ళో పీట వేసుకుని కూర్చుంటుంది, ఎండ బాగా ఎక్కితే గానీ లేవదు. రక్తపరీక్షకు వచ్చినవాళ్ళు దుప్పట్లోంచి చెయ్యి బయటపెట్టడానికే బతిమాలించుకుంటారు.

"ఏం పాటమ్మా?"

"గదేనే, కారుకాడ పాడేటిది."

"మా నాయిన పాడేటోడా?" కృపారాణికి నవ్వొచ్చింది, ఆ వెంటనే నవ్వు ఆగిపోయింది.

ఆగిపోవడానికి కారణం ఉంది. కృపారాణి తండ్రి యోబు తాండూరులో బాల్‌రాజ్ పటేలు ఇంట్లో ముప్పై ఏళ్ళు కారు నడిపాడు. ఈశ్వరమ్మ ఆ బాల్‌రాజ్‌కు తల్లి. నాపరాళ్ళ గనులు, దౌల్తాబాద్ దిక్కున కంది చేలు, అన్నీ ఆమె చేతిమీదుగా పెరిగినవే. వయసు మళ్ళిందని యోబు ఈ ఏడు ఎండాకాలంలో పని మానేసి వికారాబాద్‌లో ఇంటి పట్టున ఉంటున్నాడు. మొన్నటి వానాకాలంలో ఒక పొద్దున మొహం కడుక్కుంటూ కూలబడిపోయాడు. కుడి చెయ్యి, కుడి కాలు సగం పడిపోయాయి. మాట మాత్రం పూర్తిగా పోయింది. చెప్పేది అంతా అర్థమవుతుంది, ఏదో చెప్పాలని నోరు తెరుస్తాడు, "ఆ" అని ఒక్క శబ్దం వస్తుంది.

మొదట్లో డాక్టరు మాటలు తిరిగి రావచ్చు, మాట్లాడిస్తూ ఉండండి అన్నాడు. ఈమధ్య ఆ ఊసు ఎత్తడం లేదు. కృపారాణి మాత్రం రోజూ పొద్దున చెంబు చూపించి "ఇదేంది నాయినా?" అని అడుగుతుంది, తువ్వాలు చూపించి అడుగుతుంది. యోబు చెంబు వంక చూసి, కూతురి వంక చూసి, కళ్ళ నీళ్ళు పెట్టుకుంటాడు. ఆమెకు లోకంలో ఇంకేమీ అక్కర్లేదు. తండ్రి గొంతు ఒక్కసారి వినాలి. తిట్టినా సరే.

అందుకే పాట అన్న మాట చెవినపడేసరికి చేతిలో పని పక్కన పెట్టేసింది. ఈశ్వరమ్మ చెప్పుకుపోతోంది. చలి మొదలైనప్పటినుంచి తెల్ల అంబాసిడర్ పొద్దున పూట స్టార్ట్ కావడం లేదు. బాల్‌రాజ్ బ్యాటరీ మార్పించాడు, ప్లగ్గులు మార్పించాడు, కార్బొరేటర్ విప్పించి కడిగించాడు. అన్నీ ఉన్నా అల్లుడి నోట్లో శని అన్నట్టుంది బండి పని. మెకానిక్కు తీరుబడిగా ఎండెక్కాక వస్తాడు. అప్పటికి షెడ్డు వెచ్చబడి ఉంటుంది, తాళం తిప్పగానే బండి బుద్ధిగా లేస్తుంది. దీనికి ఏ రోగమూ లేదని చెప్పి అతను వెళ్ళిపోతాడు. మర్నాడు పొద్దున మళ్ళీ మొండికేస్తుంది.

"అది కిరస్తానం బండి అయిపోయిందే బిడ్డా," అంది ఈశ్వరమ్మ గంభీరంగా. "మీ నాయిన పొద్దుగాల సీట్ల కూసోంగనే యేసయ్య పాటెత్తుకునేటోడు. పాట నడుమల బండి లేసేది. ముప్పై ఏండ్లు ఇన్న దానికి ఇప్పుడు పాట లేకపోతె ఎట్ల లేస్తది చెప్పు? నాకొచ్చినకాడికి నేను పాడిన. పుట్టిన మతం కాదని తెలుసో ఏమో, నా పాటకు కదలలె. నువ్వన్న వచ్చి పాడు."

"వాడుకోని బండిని పట్టుకొని ఎందుకమ్మా పరేషాన్ అయితరు? కొత్త కారున్నది గద."

"దానికి నిచ్చెనేసుకొని ఎక్కాలె. నా మోకాళ్ళతోని అయితదా? చేన్లకు పోవాలంటె నాకు గీ బండే. బాల్‌రాజ్ అమ్మేస్త అంటుండు. పట్నంల ఎవనిదో హోటలంట, ఇంజను తీసేసి ముంగట నిలవెట్టి, సీట్లల్ల పూలకుండీలు పెడ్తడంట. ఆదివారం లారీ వస్తది. ఆ లోపల ఒక్క పొద్దు మంచిగ లేసిందంటె ఉంచుకుందమన్నడు."

ఆ సాయంత్రం కృపారాణి ఇంటికి వెళ్ళేసరికి తల్లి హన్మమ్మ పొయ్యి దగ్గర జొన్నరొట్టె చరుస్తోంది. సంగతి విని రొట్టె చరవడం ఆపేసింది.

"మీ నాయిన పాడుడా? లగ్గమైన కాడికెళ్ళి చూస్తున్న. చర్చిల కూడ పెదవులు ఆడిచ్చుడే గని గొంతు లేపిండా ఎన్నడన్న? నా పక్కకే నిలవడి దొంగపాట పాడేటోడు. ఆ ముసలమ్మకు ఎవల పాటనో యాదికొచ్చింది."

కృపారాణి మంచం దగ్గర కూర్చుని తండ్రి భుజం మీద చెయ్యి వేసింది. "నాయినా, తాండూర్ల కారు లేపేటప్పుడు పాట పాడేటోడివంట. నిజమేనా?"

యోబు మొహంలో ఎడమ సగం నవ్వింది. దొరికిపోయిన దొంగ నవ్వు అది. ఎడమ చెయ్యి లేచింది. గాలిలో దేన్నో రెండు వేళ్ళ మధ్య పట్టుకుని తన వైపు గుంజాడు. గుంజి, పిడికిలి బిగించి, అలాగే పట్టుకున్నాడు. పెదవులు కదిలాయి. "ఆ... ఆ..." తప్ప ఏమీ రాలేదు. పిడికిలి మాత్రం వదల్లేదు.

"చెయ్యి పట్టుకపోయిందేమొ సూడే!" అంటూ హన్మమ్మ పిండి చేతులతోనే పరుగెత్తుకొచ్చి వేళ్ళు విడదీయబోయింది. యోబు కోపంగా తల అడ్డంగా ఊపాడు. పెదవులు కదులుతూనే ఉన్నాయి. చాలాసేపటికి పిడికిలిని కొద్దికొద్దిగా ముందుకు జరిపి, చివరికి వేళ్ళు తెరిచాడు. పని పూర్తిచేసినవాడిలా దిండుకు ఆనుకున్నాడు.

కృపారాణికి చిన్నప్పటినుంచీ ఒక జబ్బు ఉంది. ఏదైనా అర్థం కాకపోతే అన్నం సహించదు. గడియారం విప్పి తిట్లు తింది, కోడిగుడ్డు లోపల ఎలా ఉందోనని పొదగేసిన గుడ్డును దీపం ముందు పెట్టి తన్నులు తింది. ఇప్పుడు ఆ పిడికిలి అర్థం కాలేదు. గుంజడం సరే, కారులో గుంజేవి ఏవో ఉంటాయి. గుంజాక వదలడేం? ఇంట్లో ఒక్కనాడూ పాడని మనిషి కారుకు ఏం పాడాడు? కట్టుకున్న భార్యకు తెలియని పాట ఈశ్వరమ్మకు ఎలా తెలుసు?

మర్నాడు సెలవు పెట్టి తెల్లవారు రైలెక్కింది. కిటికీ రెక్కలన్నీ దించి ఉన్నా చలి ఏదో సందున దూరుతూనే ఉంది. ధారూర్ స్టేషన్లో చాయ్ తాగుతూ, ఈ దారిలో తండ్రి ఎన్ని వందలసార్లు వచ్చిపోయాడో అనుకుంది. పటేలు ఇంటివాళ్ళు తొందరగా వదిలిపెడితే సంజె రైలుకు ఇంటికొచ్చేవాడు. వదలకపోతే రాత్రికి ఆ షెడ్డులోనే పడుకునేవాడు. ఏ రోజు వస్తాడో ఏ రోజు రాడో తెలియదు కాబట్టి చిన్నప్పుడు ఆమె రోజూ రైలు వేళకు తలుపు బార్లా తీసి గడపలో నిలబడేది. "చలి లోపటికొస్తది, తలుపెయ్యే!" అని హన్మమ్మ వంటింట్లోంచి అరుస్తూనే ఉండేది. వేసేది కాదు.

తాండూరులో దిగి ఆటోలో వెళ్ళేసరికి ఇంటి వెనక షెడ్డు దగ్గర పెద్ద హడావిడి ఉంది. నాపరాళ్ళు పరిచిన నేల మీద కాలు పెడితే జివ్వుమంటోంది. అంబాసిడర్‌కు స్నానం చేయించి, బానెట్ మీద పసుపు కుంకుమ పెట్టి, చక్రాల కింద నిమ్మకాయలు ఉంచారు. అంతటితో ఆగక, ఎక్కడ సంపాదించారో, ముందు అద్దానికి ఒక చిన్న సిలువ కూడా వేలాడదీశారు. ఏ దేవుడి మనసూ నొప్పించకూడదన్నది ఈశ్వరమ్మ పద్ధతి.

బాల్‌రాజ్ స్వెట్టరు మీద శాలువా కప్పుకుని విసుగ్గా నిలబడ్డాడు. "వచ్చినవా కృపా. మా అమ్మ పిచ్చికి నువ్వొక్కదానివే తక్కువుంటివి. నాయినకు ఎట్లున్నది?"

"అట్లనే ఉన్నది పటేలా. మాట లేదు."

అతని మొహంలో విసుగు పోయింది. బానెట్ మీద లేని దుమ్ము తుడిచాడు.

"ఎట్ల చేస్తున్నరో నాకొకసారి చూపియ్యండి," అంది కృపారాణి.

చూపించారు. చూడముచ్చటైన తంతే అది. ఈశ్వరమ్మ వెనక సీట్లో తన చోటులో కూర్చుంది. బాల్‌రాజ్ డ్రైవరు సీట్లో చేతులు కట్టుకుని తల వంచాడు. ఇంట్లో పనిచేసే నిరోషా చీపురు పక్కన పెట్టి దణ్ణం పెట్టింది. అప్పుడు ఈశ్వరమ్మ కళ్ళు మూసుకుని ఎత్తుకుంది.

మంచు గప్పిన దారి మీద మంచి కాపరి ముందు నడువు
ముల్లు రాయి లేని తొవ్వ మూగ మందకు నువ్వె సూపు
పొద్దు పొడిసేదాక తోడు, పొద్దు గూకేదాక తోడు

గొంతు వణికినా రాగం నిలిచింది. చర్చి పాటల్లో కృపారాణి ఎన్నడూ వినని పాట అది. నాట్లప్పుడు ఆడవాళ్ళు పాడుకునే రాగంలా సాగదీస్తూ ఉంది. యోబు తల్లి కూలికి పోయేటప్పుడు పాడేదేమో, యోబే కట్టుకున్నాడేమో. పాట అంతటితో ఆగింది. అప్పుడు బాల్‌రాజ్ చేతులు విప్పి, స్టీరింగు పక్కనున్న నల్ల బొత్తాన్ని చివరిదాకా గుంజి వదిలాడు, యాక్సిలరేటరును సైకిలుకు గాలి కొట్టినట్టు టపటపా తొక్కాడు, తాళం తిప్పాడు. ఇంజను చాలాసేపు దగ్గింది. షెడ్డు నిండా పెట్రోలు వాసన కమ్ముకుంది. బండి లేవలేదు.

"గా బొత్తం ఏంది పటేలా?"

"చోక్. సల్లటి ఇంజనుకు పెట్రోలు పాలు ఎక్కువ కావాలె. గది గుంజితె గాలి తగ్గుతది, పెట్రోలు ఎక్కువ పోతది. అందరికి తెలిసిందేనాయె. గుంజుతనే ఉన్న గద."

గుంజడం! కృపారాణికి తండ్రి ఎడమ చెయ్యి కళ్ళముందు మెదిలింది. "పాట అయినంక ఎందుకు గుంజుతున్నరు? మా నాయిన కూడ గట్లనే చేసేటోడా?"

బాల్‌రాజ్ తల్లి వైపు తిరిగాడు. ఈశ్వరమ్మ నొచ్చుకుంది. "దేవుని పాట నడుస్తుంటె చేతులాడిస్తరా ఎవలన్న? మీ నాయిన భక్తిగల్ల మనిషి."

"మీరు చూసిన్రా అమ్మా? చేతులు?"

ఈశ్వరమ్మ ముందు సీటు వీపు వంక చూసింది. ముప్పై ఏళ్ళు ఆమె వెనక సీట్లోనే కూర్చుంది. యోబు రుమాలు చుట్టిన తల తెలుసు, మెడ తెలుసు, పాట తెలుసు. అడ్డంగా ఉన్న ముందు సీటు అవతల అతని చేతులు ఏం చేస్తున్నాయో ఆమెకు ఒక్కనాడూ కనబడలేదు. బాల్‌రాజ్ ఆ వేళకు ఎప్పుడూ గనుల దగ్గరే ఉండేవాడు. పాడుతున్నాడు కాబట్టి ప్రార్థన అనుకున్నారు, ప్రార్థన కాబట్టి చేతులు కట్టుకుని ఉంటాడనుకున్నారు. అంత మర్యాదగా పాట ముగిసేదాకా ఎవరూ బండిని ముట్టుకోలేదు.

"అయితె మిగిలిన పాట ఏది?" అని అడిగింది కృపారాణి. "నడుమల ఆగినట్టున్నది."

"నాకు తెలిసింది గంతే బిడ్డా. తోడు, తోడు అనంగనే ఇంజను లేసేది. ఇగ ఆ చప్పుట్ల ఏమినవడ్తది? అటెంక కూడ పాడేటోడు, మెడ ఊగుతుండేది. మాటలు మాత్రం నాకు తెల్వయి."

లోకంలో ఎవరూ వినని సగం పాట ఒకటి ఉంది. అది వికారాబాద్‌లో మంచం మీద, మాట రాని మనిషి లోపల ఉంది.

తిరుగు రైల్లో పాటను ఎన్నిసార్లు పాడుకుందో లెక్కలేదు. ఎదురుగా కూర్చున్న కన్నడపు ముసలాయన ఏ ఊరి భజన అని అడిగాడు. కారు భజన తాతా అంటే ఆయన ఇంకేమీ అడగలేదు.

ఇంటికి రాగానే తండ్రి ముందు కూర్చుని పాట ఎత్తుకుంది. మొదటి మాటకే యోబు కళ్ళు మెరిశాయి. ఎడమ చెయ్యి గాలిలో బొత్తాన్ని గుంజింది, పిడికిలి బిగిసింది, బాగున్న ఎడమ పాదం దుప్పటి కింద మెల్లగా రెండుసార్లు నేలను నొక్కినట్టు కదిలింది. హన్మమ్మ గుడ్లప్పగించి చూస్తోంది. పొద్దు గూకేదాక తోడు అన్న చోట కృపారాణి ఆగి, ఊపిరి బిగబట్టి, తండ్రి పెదవుల వంక చూసింది. పెదవులు కదిలాయి. గొంతు రాలేదు. "ఆ... ఆ..." అని, చేత్తో మంచం పట్టెను కొట్టి, మొహం గోడకు తిప్పుకున్నాడు.

కృపారాణికి ఏడుపొచ్చింది. ఇంత దగ్గరికొచ్చి తలుపు మూసుకున్నట్టయింది. హన్మమ్మ కూతురి తల నిమిరి, "ఇడిసిపెట్టు బిడ్డా. ఆయనను కష్టవెట్టకు," అంది. విడిచిపెట్టే మనిషైతే చిన్నప్పుడు గడియారాన్నే విడిచిపెట్టేది. ఆ రాగానికి చెయ్యి కదిలింది, పాదం కదిలింది. ఇక్కడ లేనిది ఏమిటి? ఇక్కడ బొత్తం లేదు, ఇంజను లేదు, నాపరాళ్ళ మీది చలి లేదు. ఆదివారం లారీ వస్తే అవి అక్కడా ఉండవు. వెంటనే బాల్‌రాజ్‌కు ఫోన్ చేసింది.

"పటేలా, నాయినను తీసుకొస్త. రేపు తెల్లారకముందే మీ కొత్త బండి పంపియ్యండి."

"గీ చలిల, గా మనిషిని ఎందుకు కష్టపెడ్తవ్?"

"చలిలనే కావాలె."

శనివారం తెల్లవారుతుండగా యోబును శాలువాలో చుట్టి షెడ్డులోకి నడిపించుకొచ్చారు. అంబాసిడర్‌ను చూడగానే అతను ఆగిపోయాడు. ఎడమ చేత్తో బానెట్ తడిమాడు. కుంకుమ బొట్టు చూసి, వేలాడే సిలువ చూసి, ఒక పక్క నవ్వాడు. ఈశ్వరమ్మ ముందుకొచ్చి అతని చెయ్యి పట్టుకుంది. అన్నేళ్ళలో ఎన్నడూ పట్టుకోని చెయ్యి అది. "యోబూ, నీ బండి నా మాట ఇంటలేదయ్యా," అంది.

యోబుకు కుడి కాలు పనిచేయదు కాబట్టి డ్రైవరు సీట్లో కృపారాణి కూర్చుంది. ఆమె పక్కన, తాను ఎన్నడూ కూర్చోని వైపు, యోబు కూర్చున్నాడు. ఈశ్వరమ్మ వెనక తన చోటులో సర్దుకుంది. బాల్‌రాజ్ కిటికీ దగ్గర నిలబడ్డాడు.

కృపారాణి చోక్ బొత్తాన్ని చివరిదాకా గుంజి, తాళం కోసం చెయ్యి తీసింది. వెంటనే యోబు ఒళ్ళంతా తిప్పి, ఎడమ చేత్తో బొత్తాన్ని పట్టుకుని, కూతురి వంక ఉరిమి చూశాడు. ఆమె వంగి చూసింది. వదిలిన బొత్తం చడీచప్పుడు లేకుండా సగం లోపలికి జారిపోయి ఉంది! యోబు దాన్ని మళ్ళీ బయటికి గుంజి, పిడికిలి బిగించి పట్టుకున్నాడు.

"పటేలా, ఇది నిలవడదు," అంది కృపారాణి. ఆమె గొంతులో నవ్వు, ఏడుపు రెండూ ఉన్నాయి. "గుంజి ఇడిసిపెడ్తె దానంతట అదే లోపటికి పోతున్నది. నాయిన ఇడిసేటోడే కాదు. పాట అయ్యేదాక పట్టుకునేటోడు."

బాల్‌రాజ్ కిటికీలోంచి తల దూర్చి చూసి, తన నుదురు తానే కొట్టుకున్నాడు.

"అమ్మా, ఇగ పాడండి. ఈసారి ఎవలు దండం పెట్టకుండ్రి."

ఈశ్వరమ్మ ఎత్తుకుంది. మంచు గప్పిన దారి మీద... యోబు గడ్డం రెండుసార్లు కిందికి ఊగింది, కృపారాణి యాక్సిలరేటరును మెల్లగా రెండుసార్లు తొక్కి వదిలింది. ముల్లు రాయి లేని తొవ్వ... యోబు కదల్లేదు. కళ్ళు సగం మూసి ఉన్నాయి. ఇంజను లోపల పెట్రోలు సర్దుకునే వేళ అది. తొందరపడితే పెట్రోలు ఎక్కువై ఇంజను మునిగిపోయే చోట అతను పాటతో ఆగేవాడు. పొద్దు పొడిసేదాక తోడు... గడ్డం గట్టిగా ఊగింది. కృపారాణి తాళం తిప్పింది. ఇంజను దగ్గింది, తడబడింది, ఇంకోసారి దగ్గి, ఒళ్ళు విదిల్చుకుని లేచింది.

షెడ్డంతా మోగిపోయింది. నిరోషా చప్పట్లు కొట్టింది. బాల్‌రాజ్ బానెట్ మీద అరచేత్తో చరిచి ఏదో అరుస్తున్నాడు. వెనక ఈశ్వరమ్మ ఏ దేవుడికో ఒకరికి మొక్కుతోంది. కృపారాణి ఇవేవీ చూడలేదు. తండ్రి మెడ ఊగుతోంది. బొత్తం మీది పిడికిలి కొద్దికొద్దిగా లోపలికి జరుగుతోంది. పెదవులు కదులుతున్నాయి. గొంతు మీది నరం బిగిసి ఉంది. ఉత్తినే కదిలే పెదవులు వేరు, పాటకు కదిలే పెదవులు వేరు. ఆమె చెవి దగ్గరపెట్టింది. ఇంజను హోరు తప్ప ఏమీ వినబడలేదు.

ఆమె తాళం వెనక్కి తిప్పేసింది.

"అయ్యో! ఏం చేసినవే!" అని బాల్‌రాజ్ అరిచాడు. అరుపు సగంలోనే ఆగిపోయింది. నిశ్శబ్దమైన షెడ్డులో ఒక గొంతు వినిపిస్తోంది. గరుకుగా, తుప్పు పట్టినట్టుంది. కానీ మాటలు ఒక్కొక్కటీ స్పష్టంగా వస్తున్నాయి.

సంజె రైలుకు నన్ను తోలు, సామి నీకు దండమయ్య
ఇంటికాడ బిడ్డ ఉన్నది, ఎదురుసూడ మరిగి ఉన్నది
తలుపు దీసి నిలవడుంటది, తల్లి తిట్టిన ఇనకుంటది
సలిల పిల్ల వణకకుండ సంజె రైలుకు నన్ను తోలు

పాట ముగిసింది. బొత్తం పూర్తిగా లోపలికి వెళ్ళింది. యోబు వేళ్ళు తెరిచాడు. తన నోటి నుంచి వచ్చింది తానే విన్నట్టు ఉలిక్కిపడి, పెదవులు తడుముకున్నాడు.

కృపారాణి తండ్రి భుజం మీద తల ఆనించి వెక్కి వెక్కి ఏడ్చింది. గొంతు విన్నందుకు ఏడ్చింది, ఏళ్ళ తరబడి ఇంజను చప్పుడు కింద తనే ఉన్నందుకు ఇంకా ఏడ్చింది.

వెనక సీట్లోంచి ఈశ్వరమ్మ మాట వచ్చింది. "నా ముంగటనే పాడిండు గదరా బాల్‌రాజ్. రోజు పాడిండు. సంజె రైలుకు పంపియ్యమని దేవుణ్ణి అడుగుతుండె. పంపేటిదాన్ని నేను ఈడనే కూసుంటి. నాకు ఇనవడలె. ఇంకొక చేను చూసొద్దం, ఇంకొక ఇంటికి పోయొద్దం అని తిప్పుకుంటనే ఉంటి."

బాల్‌రాజ్ ఫోన్ తీసి, లారీ అక్కర్లేదని పట్నానికి చెప్పాడు.

"నాయినా, ఏమన్నవ్? మల్ల చెప్పు," అంది కృపారాణి. యోబు నోరు తెరిచాడు. "ఆ," అన్నాడు. అతని కళ్ళు భయంగా వెతికాయి. ఆమె భయపడలేదు. అదే రాగంలో మెల్లగా "ఇంటికాడ..." అని అందించింది. "బిడ్డ ఉన్నది," అని పాడాడు యోబు. ఎటునుంచి వెళ్ళాలో ఇప్పుడు ఆమెకు తెలిసింది. ఇక చెంబునైనా తువ్వాలునైనా రాగం కట్టి అడగాలి.

"బాల్‌రాజ్," అంది ఈశ్వరమ్మ, "సంజె దాక ఎందుకురా? ఇప్పుడే తోలుకపోయి ఇంటికాడ దించు. గీ బండిలనే. నేను సుత వస్త." వెచ్చబడిన ఇంజను ఈసారి ఏ పాటా అడగలేదు.

దారి పొడుగునా ఈశ్వరమ్మ వెనకనుంచి పాడుతూనే ఉంది, తెలియని చోట యోబు అందిస్తూనే ఉన్నాడు. వికారాబాద్ చేరేసరికి ఇంకా ఎండ ముదరలేదు. వాకిట్లో కారు ఆగగానే కృపారాణి అందరికంటే ముందు దిగింది. బాల్‌రాజ్ యోబును పట్టి దించేలోపు ఉరికి, చేరవేసి ఉన్న తలుపును బార్లా తీసి, గడపలో నిలబడింది.

వంటింట్లోంచి హన్మమ్మ అరిచింది. "చలి లోపటికొస్తది, తలుపెయ్యే!"